గాయమే గుర్తు: హ్యూబెల్, వీసెల్ పత్రంలో స్థాన నిరూపణ

డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ 1962లో ‘జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ’లో ప్రచురించిన పత్రం పిల్లి దృష్టి వల్కలం మీద వచ్చిన పరిశోధనల్లో ప్రసిద్ధమైనది. ఒకే కోణంలో ఉన్న గీతకు స్పందించే కణాలు నిలువు స్తంభాలుగా అమరి ఉంటాయన్నది అందులోని ముఖ్య ప్రతిపాదన. పాఠ్యపుస్తకాలు ఈ ఫలితాన్ని స్వీకరించాయి. అది ఏ ఆధారం మీద నిలిచిందో చెప్పడం మాత్రం తక్కువ.

ఆ ఆధారం ఒక చిన్న గాయం. కణం స్పందించే వేళ టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ మొన ఏ పొరలో ఉందో పరిశోధకునికి కనబడదు. పైనున్న కొలమానం మొన ఎంత దిగిందో చెబుతుంది. మెత్తని కణజాలం ఒత్తిడికి కుంగుతుంది కనుక ఆ లెక్కనూ పూర్తిగా నమ్మలేం. అందుచేత అదే మొన గుండా స్వల్ప ఏకముఖ విద్యుత్తును కొద్దిసేపు పంపి, చుట్టూ ఉన్న కణజాలాన్ని నాశనం చేస్తారు. తరువాత మెదడును ఫార్మలిన్‌తో గట్టిపరచి, పలుచని ముక్కలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో ఆ మచ్చను వెదుకుతారు. ఒకే దారిలో రెండు మచ్చలుంటే వాటి మధ్య దూరాన్నిబట్టి కణజాలం ఎంత కుంచించుకుపోయిందో లెక్కకట్టవచ్చు. ఉక్కు ఎలక్ట్రోడ్ వాడేవారికి మరో వెసులుబాటు ఉంది: మొన నుండి దిగిన ఇనుము పొటాషియం ఫెర్రోసయనైడ్‌తో కలిసి నీలిచుక్కగా తేలుతుంది. టంగ్‌స్టన్‌కు ఆ సౌకర్యం లేదు.

చివరగా స్పందించిన కణం చోటు తెలియాలంటే ఆ కణాన్నే బలిపెట్టాలి. పత్రం దీనిని కర్మణి వాక్యంతో దాటిపోతుంది. గాయం చేసిన చేయి వాక్యంలో కనిపించదు. తెలుగులో దీనిని ‘గుర్తు’ అని మాత్రమే అనువదిస్తే ఆ మరుగు ఇంకా చిక్కనవుతుంది.

పత్రంలోని పునర్నిర్మాణ చిత్రాలను నిదానంగా చూడాలి. ఎలక్ట్రోడ్ దారి ఒక గీత, కణాల కోణాలు దానిపై అడ్డగీతలు, గాయం ఒక వృత్తం. అడ్డగీతలన్నిటికీ ఒకే విలువ ఉన్నట్లు తోస్తుంది. నిజానికి వృత్తం ఉన్న చోటు కంటితో చూసినది. మిగిలినవి అక్కడినుండి వెనక్కు లెక్కించినవి. ప్రత్యక్షానికీ అనుమానానికీ మధ్య మన తర్కశాస్త్రం పాటించిన భేదం ఈ చిత్రంలో చెరిగిపోయింది.

దీనితో స్తంభాల ప్రతిపాదన కూలదు. నిలువుగా దిగిన ఎలక్ట్రోడ్‌కు కోణం దాదాపు మారకపోవడం, ఏటవాలుగా సాగినదానికి తరచు మారడం కొద్ది మైక్రాన్ల పొరపాటుకు చెదిరే తేడా కాదు. ఏ రకం కణం ఏ పొరలో ఉందన్న వాదం మాత్రం అంత భద్రమైనది కాదు. మచ్చకు దూరమైనకొద్దీ అక్కడ ప్రతి గీతా మరింత సందేహంతో చదవవలసినదే.