మూస పగిలితేనే గజ్జె

కథలో కొత్తదనం లేకపోతే ‘మూస కథ’ అనేస్తాం. మూస పాత్రలు, మూస సినిమాలు, మూసలో పోసినట్టుండే సభాధ్యక్షుల ఉపన్యాసాలు. ఈ మాటను నేను ఏళ్ల తరబడి ధారాళంగా వాడాను. ఒకరి కష్టాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేయడానికి ఇంతకంటే చవకైన మాట దొరకదు. ఉషేగాంలో ఓ ఓజ ఇంటి వాకిట్లో ఒక పూటంతా కూర్చుని వచ్చాక మాత్రం అది నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

అక్కడ మూస ఒక్కసారికే పనికొస్తుంది. ఇత్తడి పోసి, చల్లారాక దాన్ని పగలగొడితేగానీ లోపలున్నది బయటికి రాదు. రెండో గజ్జె కావాలంటే మట్టి పిసకడం దగ్గర్నుంచి మళ్లీ మొదలు. అందుకే ఒక గజ్జెలా ఇంకో గజ్జె ఉండదు. మనకు మూస అంటే అన్నీ ఒకేలా ఉండటం. వాళ్ల చేతిలో అది సరిగ్గా తలకిందులు.

ఉషేగాం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఆ చుట్టుపక్కల, కెరమెరి వైపు కొన్ని పల్లెల్లో ఓజలు ఉంటారు. రాజ్‌గోండుల దేవుళ్లకు, పెళ్లిళ్లకు, ఆటపాటలకు కావలసిన ఇత్తడి సామాను పోసిచ్చేది వాళ్లే. వంశం కథ చెప్పడానికి ప్రధాన్, గంట పోయడానికి ఓజ. దండారి పండగ రోజుల్లో నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుస్సాడీలు అడుగు వేస్తుంటే మోగే గజ్జెలు, దేవుడికి కట్టే చిరుగంటలు, ఆడవాళ్ల కడియాలు ఈ వాకిళ్లలోంచే వెళ్లేవి.

గోండుల వంశదైవం పెర్సపేన్‌కు గుర్తులు రెండు. ఒకటి ఇనుప ఈటె మొన, రెండోది జడలబర్రె తోక చామరం. జడలబర్రె ఎక్కడుంటుంది? హిమాలయాల్లో. ఆ మంచుకొండల మీద తిరిగే జంతువు తోక ఎంత దూరం నడిచొచ్చి ఈ టేకు అడవిలో దేవుడై కూర్చుందో ఆలోచించండి. ఆదివాసుల ఇళ్లలోకి బయటి సరుకు మొన్నమొన్ననే, టీవీతోనో ఫోన్‌తోనో వచ్చిందనుకోవడం మన అమాయకత్వం. ఇత్తడి మాత్రం ఆ అడవిలో కాసిందా? అదీ బయటినుంచి వచ్చిందే.

ఇక ఆ పూట నేను చూసింది. ఆ ఓజకు అరవై దాటి ఉంటాయి. నేను దాదా అంటున్నాను, ఆయన సారూ అంటున్నాడు. పుట్టమన్నులో ఊక కలిపి పిసికిన ముద్దలోంచి ఉసిరికాయంత ఉండ తీశాడు. మధ్యలోకి చిన్న ఇనుప ముక్క ఒకటి గుచ్చి మూసేశాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆరబెట్టి ఉంచిన ఇంకో ఉండ అందుకుని, దానికి మైనపు దారం చుట్టడం మొదలుపెట్టాడు. తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచి, కర్ర గొట్టంలో పెట్టి నొక్కితే సేమ్యాలా దిగిన దారం అది. వరస పక్కన వరస, సందు లేకుండా చుట్టి, బొటనవేలి గోటితో అదుముతూ పోయాడు. ఆ గోటి గుర్తు కూడా ఇత్తడిలోకి దిగుతుంది. చేసినవాడి గోరు ఆ వస్తువు మీద అలాగే ఉండిపోతుంది.

దాని మీద మెత్తటి మట్టి పూత, ఆ పైన ముతక మట్టి. మైనం బయటికి పోవడానికీ ఇత్తడి లోపలికి రావడానికీ ఒక దారి. కాలిస్తే మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన సందులోకి కరిగిన ఇత్తడి వెళ్లి కూర్చుంటుంది. ఎంత ఇత్తడి కావాలో ఎలా తెలుస్తుందని అడిగాను. “మైనం తూస్తం గద. దానికి తొమ్మిదింతలు, పదింతలు. జెర్ర ఎక్కువనే పెట్టుకోవాలె, మధ్యల ఆగితే గజ్జె గుడ్డిదైతది.” ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. ఇత్తడి సాంద్రత మైనానికి తొమ్మిది రెట్ల దాకా ఉంటుంది. ఆయన తక్కెడకు ఆ సంగతి ముందే తెలుసు.

కొలిమి దగ్గరికి వెళ్లేసరికి నా నోట్‌బుక్కులో ఒక వాక్యం సిద్ధంగా ఉంది. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చిందని, ఊపిరి పోయి మోటారు మిగిలిందని, అలాంటిదేదో. పట్నంనుంచి వెళ్లేవాళ్లం ఇలాంటి వాక్యాలు ముందే రాసుకుని వెళ్తాం. తిత్తి ఏమైంది దాదా అని కాస్త విచారంగా అడిగాను. ఆయన నవ్వి, “మా ఇంటామెను అడుగు” అన్నాడు. తిత్తి ఊదింది ఇన్నాళ్లూ ఆవిడే. గడపలో కూర్చుని మైనం దారాలు సవరిస్తున్న ఆవిడ తల ఎత్తకుండానే, “అటక మీదున్నది. కావాల్నంటే నీ పట్నం పట్టుకపో, నువ్వే ఊదు” అంది. ఆ వాక్యాన్ని అక్కడే కొట్టేశాను.

మైనం సంగతీ అంతే. తేనెమైనం దొరకడం కష్టమై, ధర పెరిగి, కొవ్వొత్తుల మైనం కలుపుతున్నారు. అది ఒక్కటే అయితే చలికాలం దారం పుటుక్కున తెగుతుంది కాబట్టి తేనెమైనం ఎంతో కొంత పడాల్సిందే. ఏ నెలలో ఎంత కలపాలో వాళ్లే చూసుకుని తేల్చుకున్నారు. కొత్త సరుకును చేతికి అలవాటు చేసుకోవడంలో వాళ్లకు మన సానుభూతి అక్కర్లేదు.

నేను ఆగిపోయింది ఇంకో చోట. వాకిట్లో గోడవారగా తుక్కు ఇత్తడి రెండు కుప్పలుగా ఉంది. ఒకదాంట్లో పాత బిందెలు, చెంబులు, సొట్టపడ్డ పళ్లేలు. ఇంకోదాంట్లో నల్లాలు, పైపుల మరలు, ఏవో యంత్రాల ముక్కలు. రెండూ ఇత్తడే కదా, వేరువేరుగా ఎందుకని అడిగాను. ఆయన చిన్న కుప్పవైపు, అంటే బిందెలవైపు, చూపించి “గది దేవునికి” అన్నాడు. రెండోదాన్ని చూపించి “గిది పట్నానికి” అన్నాడు.

“నల్లాల ఇత్తడి పోసుడుకు అల్కగుంటది సారూ. మోతకే మంచిగుండది.”

దీనికి కారణం ఉంది. నల్లాల్లాంటి వాటికి మరలు కోయడం తేలిక కావాలని ఇత్తడిలో కొంచెం సీసం కలుపుతారు. సీసం మోతను మింగేస్తుంది. బిందెకు కొట్టే రేకులో ఆ అవసరం రాదు. పాత బిందె కరిగిస్తే గజ్జె ఖణేలుమంటుంది, నల్లా కరిగిస్తే టక్కుమంటుంది. ఆయన రెండు గజ్జెలు నా చెవి దగ్గర ఆడించాడు. మట్టి ఉండలో ఇనుప ముక్క ఎందుకు గుచ్చాడో అప్పుడు అర్థమైంది. పోత అయ్యాక లోపలి మట్టిని చీలికలోంచి గీకేస్తే, ఆ ముక్క ఒక్కటే లోపల మిగిలి మోగుతుంది. రెండింటిలోనూ ఇనుప ముక్క ఉంది. ఒకటే మోగింది.

మరి పట్నం వాళ్లు అడగరా, మోగడం లేదేమని? ఆయన నన్ను కాసేపు చూసి, “ఇప్పటిదాంక ఒక్కలు అడగలే” అన్నాడు.

గుస్సాడీకి వెళ్లే గజ్జె మోగకపోతే ఊరంతా వింటుంది. తిరిగి తెచ్చి వాకిట్లో పడేస్తారు. వాళ్లకు ఈ వస్తువు ఎలా ఉండాలో తెలుసు, చేసినవాడికి వాళ్లు తెలుసు. ఒకప్పుడు పంట ఇంటికొచ్చాక జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్లట. తరవాత పత్తి వచ్చింది, గింజల బదులు నోట్లు వచ్చాయి. ఆడపిల్లలకు బరువైన కడియాల మోజు పోయి రోల్డ్‌గోల్డ్ వచ్చింది. అది వాళ్ల ఇష్టం. బస్తా బరువు నగలు మోయాల్సిందేనని ఇక్కడి ఆడపిల్లకు చెప్పే హక్కు నాకెక్కడిది? మా అమ్మ కాళ్ల కడియాలు ఏనాడో కరిగించిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. కేస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు తమ నాగోబాకు తామే డబ్బు పోగేసుకుని 2022లో రాతిగుడి కట్టుకున్నారు. అదీ మార్పే. తమ దేవుడికి ఏది కావాలో తామే తేల్చుకున్న మార్పు. దానిమీద పెదవి విరిచేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

ఊళ్లో గిరాకీ తగ్గేకొద్దీ ఓజ చెయ్యి పట్నంవైపు తిరిగింది. అక్కడ కొనేవాడికి ఈ వస్తువు ఎందుకో తెలీదు. చూడ్డానికి బాగుంటే చాలు. అతని ఫోన్‌లోంచి ఆర్డరు ఫొటోగా వస్తుంది. ఏనుగు, బుద్ధుడు, పడుకున్న వినాయకుడు. ఆ మధ్య వచ్చిన ఒక ఫొటోలో ఉన్నది బస్తర్ పని. దాన్ని ఇక్కడ పోయించి, ఆదిలాబాద్ పేరుతో అమ్ముకున్నారు. ఇంకో వ్యాపారి నలభై ఏనుగులు అడిగి, పట్టుకెళ్లి, ఆరు వెనక్కి పంపాడు. విరిగినందుకు కాదు. ‘ఒకేలా లేవు’ అని. ఆ ఆరూ ఇంట్లో బియ్యం డబ్బా పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని తొండం కాస్త ఎత్తుగా ఉంది. నాకైతే అదే నచ్చింది.

దాదా కొడుకు ఫోన్‌లో నాకో వీడియో చూపించాడు. రబ్బరు అచ్చు ఒకటి చేయించుకుంటే అందులో మైనం పోసి, ఎన్ని కావాలంటే అన్ని ఏనుగులు ఒకే కొలతలో తీయొచ్చు. దారం చుట్టే పని తప్పుతుంది. ఏనుగులు వెనక్కి రావు. డబ్బు కూడితే కొంటానన్నాడు. వద్దని ఏ మొహంతో చెప్తాను? పిల్లల ఫీజు కట్టేది అతను. కానీ ఆ అచ్చు వచ్చిన రోజున ఈ పనికి మొదటిసారిగా మన ‘మూస’ అనే మాట సరిపోతుంది. గోటి గుర్తు కూడా అచ్చులోంచే వస్తుంది, ప్రతి ఏనుగు మీదా అదే గోరు.

పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2018లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ‘ఆదిలాబాద్ డోక్రా’ అని. మంచిదే, నకిలీలను ఆపడానికి ఒక కాగితమైనా ఉంది. కానీ డోక్రా అన్నది వీళ్ల మాట కాదు. బెంగాల్, ఒడిశా వైపు ఇదే పద్ధతిలో పోతపోసే డోక్రా దమార్ల పేరు అది. దేశమంతా ఆ పేరే స్థిరపడింది కాబట్టి ఇక్కడా అదే అతికించారు. ఓజల పని ఓజల పేరుతో లేదు. అదే 2018లో ఇంకొకటి జరిగింది. ఈ జైనూర్‌కు పొరుగునే ఉన్న నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే గోండుల అక్షరాలు ఫోన్‌లో ఇమిడే దారి పడింది. ఒకే ఏడాది బయటి ప్రపంచం ఒక చేత్తో వాళ్ల అక్షరాలు వాళ్లకిచ్చి, ఇంకో చేత్తో వీళ్ల పనికి ఊరుకాని ఊరి పేరు తగిలించింది. సాంకేతికత మంచిదా చెడ్డదా అని నన్నెవరైనా వ్యాసం రాయమంటే ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటాను.

ఏ మేళాకు వెళ్లినా డోక్రా స్టాల్ బోర్డు మీద మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మ ఉంటుంది. నాలుగున్నర వేల ఏళ్ల విద్య అని రాస్తారు. నిజమే, ఆ పది సెంటీమీటర్ల కంచుబొమ్మనూ మైనం కరిగించే ఇలా పోశారు. కానీ అన్ని వేల ఏళ్లు చెప్పాక ఈ వాకిట్లో గడిచిన నలభై ఏళ్లు ఎవరి కంటికీ ఆనవు. కొన్నవాడు చరిత్ర కొన్నాననుకుని వెళ్లిపోతాడు. గజ్జె మోగుతోందో లేదో చూడడు.

నేను రెండు కుప్పల్లోంచీ ఒక్కో గజ్జె తెచ్చుకున్నాను. బిందె ఇత్తడిది ఇవ్వడానికి దాదా కాస్త వెనకాడాడు, దీపావళి దగ్గర పడుతోంది, దండారికి కావాలి అని. బతిమాలితే ఇచ్చాడు. రెండింటికీ ఒకటే ధర తీసుకున్నాడు. మా ఇంట్లో టీవీ పక్కన పెట్టాను. చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు రెండూ తీసి ఊపుతారు, ఒకటి వదిలేసి రెండోది పట్టుకుని ఇల్లంతా తిరుగుతారు. పెద్దవాళ్లు మాత్రం చేతిలో తిప్పి చూసి, బాగుందని అక్కడే పెట్టేస్తారు.

ఈసారి శిల్పారామంలోనో, ఏ మేళాలోనో ఈ గజ్జెలు కనిపిస్తే ధర అడగడానికి ముందు ఒకసారి చెవి దగ్గర పెట్టి ఊపండి. మోగకపోతే మోగలేదని అమ్మేవాడితో చెప్పండి. ఆ మాట ఉషేగాం దాకా వెళ్తుంది.