కుడి చెవిలో గిటార్

ఇయర్‌ఫోన్లు కాస్త మంచివి కొనుక్కోమని ఇంట్లో చెబుతూనే ఉంటారు. నేను మాత్రం బస్టాండు ముందు బండి మీద దొరికేవే కొంటాను. అవి ఏదో ఒక చెవికి ఎగనామం పెడుతూనే ఉంటాయి. ఈ వారం కుడి చెవి వంతు. ఆ సంగతి తెలియక పొద్దుటి నడకలో న్యూయార్క్ పంక్ బృందం రమోన్స్ మొదటి ఆల్బమ్ పెట్టాను. డ్రమ్స్ వచ్చాయి, గొంతు వచ్చింది, గిటార్ మాత్రం రాలేదు. వైరు మెలిపెట్టి చూశాను, పిన్ను ఊడదీసి మళ్లీ గుచ్చాను. ఊహూ. రొదకు మారుపేరైన రికార్డులోంచి ఆ రొదనే ఎవరో ఎత్తి పక్కన పెట్టేశారు.

కారణం తెలియనిదేం కాదు. 1976లో ఆ రికార్డును మిక్స్ చేసినప్పుడు బేస్‌ను ఎడమకీ, గిటార్‌ను కుడికీ తోసేసి, గొంతునూ డ్రమ్స్‌నూ మధ్యలో ఉంచారు. బీటిల్స్ తొలి స్టీరియో రికార్డుల పద్ధతి అది. ఎన్నోసార్లు చదివాను, ఇక్కడ రాశాను కూడా. కానీ చదవడం వేరు, గిటార్ లేకుండా ఆ ఇరవై తొమ్మిది నిమిషాలూ నడవడం వేరు.

గిటార్ తీసేస్తే అక్కడ మిగిలేవాటిలో కొన్ని ప్రేమ పాటలు. 1960లలో అమెరికాలో ఆడపిల్లలు ముగ్గురో నలుగురో కలిసి పాడే బృందాలుండేవి. రోనెట్స్ లాంటివాళ్లు. వాళ్ల పాటలంటే రమోన్స్ గాయకుడు జోయీ రమోన్‌కు ప్రాణం. మాట చివరి అచ్చును సాగదీసి, కొసలో చిన్నగా వణికించి వదలడం అతను అక్కడే నేర్చుకున్నాడు. గిటార్ హోరులో ఆ వణుకు పట్టుబడదు. ఇక ఎడమ చెవిలో డీడీ బేస్. తడబాటు లేదు, గమకం లేదు. ప్రతి మీటూ పైనుంచి కిందికే, ప్రతిదీ అంతే బరువుతో. నడక ముగించి ఇంటికొచ్చాక కూడా కొత్త ఇయర్‌ఫోన్లు తెప్పించుకోవాలనిపించలేదు. నాలుగు రోజులు అలాగే విన్నాను.

దీనివల్ల నాకొక చిక్కొచ్చిపడింది. ఈ కాలమ్ పాత పాఠకులకు నా పాత పాట తెలుసు: వాయించడం రానివాళ్లు వాయించడంలోనే పంక్ గొప్పతనమంతా ఉంది అని. 1970ల నడుమకు రాక్ సంగీతం పండితుల చేతికి చిక్కింది. ఒక్కో పాట ఎల్పీలో ఒక వైపంతా ఆక్రమించేది. అప్పుడు ఇంగ్లండ్‌లో ‘సైడ్‌బర్న్స్’ అనే బుల్లి పత్రికలో మూడు గిటార్ కార్డ్స్ బొమ్మలు గీసి, ఇవి చాలు, వెళ్లి బృందం కట్టుకోండి అని అచ్చేశారు. ఆ బొమ్మను నేనెన్నిసార్లు ఈ పేజీలోకి లాక్కొచ్చానో మా ఎడిటర్‌గారికే తెలుసు. (దిగంబర కవుల పోలిక ఈసారి తేనని ఆయనకు మాటిచ్చాను.)

నిజానికి ఈ నమ్మకం నాకు లండన్ నుంచీ రాలేదు, న్యూయార్క్ నుంచీ రాలేదు. బెజవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక రికార్డింగ్ షాపు నుంచి వచ్చింది.

1990ల మొదట్లో మాట. ఖాళీ క్యాసెట్ కొని, కావలసిన పాటల చీటీ రాసిస్తే రెండ్రోజుల్లో నింపి ఇచ్చేవాళ్లు. పాటకింత అని లెక్క. ఆ షాపాయన ఇళయరాజా భక్తుడు. ట్యూను ఎవడైనా వింటాడు, కింద బేస్ గిటార్ ఏం చేస్తోందో విను అనేవాడు. కౌంటరు మీద వేలితో బేస్ వాయిస్తూ ఉండేవాడు. మన చీటీలో ఇళయరాజా లేకపోతే తనే ఒక పాట ఇరికించేవాడు. దానికి మాత్రం డబ్బు పుచ్చుకునేవాడు కాదు.

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న మా మేనమామ కొడుకు సెలవులకు వచ్చాడు. సూట్‌కేసులో చాక్లెట్ల కింద రమోన్స్ క్యాసెట్. ఇవ్వను బావా, కావాలంటే కాపీ చేయించుకో అన్నాడు. ఇద్దరం షాపుకెళ్లాం. షాపాయన అట్ట చూశాడు. ఇటుక గోడకు ఆనుకుని, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సులతో నలుగురు. నలుపు తెలుపు ఫోటో.

“నలుగురూ అన్నదమ్ములా?” అన్నాడు.

అందరి పేర్ల చివరా రమోన్ అనే ఉంది మరి. కాదండీ, బీటిల్స్ పేరు బయటికి రాకముందు పాల్ మెకార్ట్నీ కొన్నాళ్లు పాల్ రమోన్ అని మారుపేరు పెట్టుకున్నాడు, ఆ పేరు ముచ్చటపడి నలుగురూ దాన్ని ఇంటిపేరు చేసుకున్నారు అని బావ చెప్పాడు. ఆయనకు అది బాగా నచ్చింది. “అంటే నాది ఇళయరాజా వారి ఇంటిపేరన్నమాట” అని నవ్వి, పాటలు లెక్కపెట్టాడు. పద్నాలుగు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు ఆరు పాటలు పడితే గొప్ప. తొంభై నిమిషాలది కొనమన్నాడు. బావ ఒప్పుకోలేదు. ఒక్క వైపే సరిపోతుంది, చూడండి అన్నాడు. పందెం దాకా వెళ్లింది.

మర్నాడు వెళితే షాపాయన కొంచెం దిగులుగా ఉన్నాడు.

“పట్టాయబ్బాయ్. ఒకటి అయిందా అని చూసేసరికి మూడోదాంట్లో ఉన్నారు. పద్నాలుగు పాటలకి డబ్బు పుచ్చుకుంటే పాపం. రెండు కలిపి ఒకటిగా వేశాను. ఏడు పాటలకి ఇయ్యి.”

రెండో వైపు మేం అడక్కుండానే ‘గీతాంజలి’ పాటలు నింపాడు. క్యాసెట్ చేతిలో పెడుతూ తీర్పు చెప్పాడు: “వీళ్లకి వాయించడం రాదు. ఆపడం మాత్రం వచ్చు. అది చాలామందికి రాదు.”

ఆ మాటను ఎన్నేళ్లు మోశానో. మా ఇంట్లో టేప్‌రికార్డర్‌కు స్పీకరు ఒక్కటే. కుడీ ఎడమా అంతా ఒకటే ముద్ద. గిటార్ ఏదో బేస్ ఏదో తెలియని ఆ ముద్దకే నేను పంక్ అని పేరు పెట్టుకున్నాను. రమోన్స్ చివరి పాట అయ్యాక క్యాసెట్ తిప్పితే ఇళయరాజా మొదలవుతాడు. ఇప్పటికీ ఆ ఆల్బమ్ ముగిశాక వేరే ఏ సంగీతం వచ్చినా చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది.

షాపాయన తీర్పులో రెండో సగానికి ఈ వారం కూడా ఢోకా లేదు. మొదటి సగమే నిలబడటం లేదు. జానీ రమోన్ గిటార్‌ను కిందికి మాత్రమే మీటేవాడు. మామూలుగా ఎవరైనా కిందికొకసారి, పైకొకసారి మీటుతారు, శ్రమ సగమవుతుంది. జానీ అలా కాదు. ఆ వేగంలో నిమిషానికి మూడు వందలకు పైగా మీట్లు, అన్నీ కిందికే. అనుమానం ఉంటే పెన్సిలు పట్టుకుని బల్ల మీద ఒక్క పాటంతసేపు ప్రయత్నించండి. రెండో చరణానికి మణికట్టు మొరాయిస్తుంది.

స్టూడియో సంగతి ఇంకా తమాషా. వారం రోజుల్లో, 6,400 డాలర్లలో ముగించారు కాబట్టి వచ్చినట్టు వాయించి పారేశారని అనుకుంటాం. డ్రమ్స్ వాయించిన టామీ అంతకుముందు రికార్డింగ్ స్టూడియోలో పనిచేసినవాడు. ఏ శబ్దం ఎక్కడ ఉండాలో అతనికీ ప్రొడ్యూసర్ క్రెయిగ్ లియాన్‌కూ ముందే తెలుసు. జోయీ గొంతు మీద జోయీ గొంతునే రెండోసారి పరిచారు. రికార్డు చేసిన ప్లాజా సౌండ్ స్టూడియో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనంలో ఉండేది. అక్కడ పెద్ద పైపుల ఆర్గన్ ఉంటే, దాన్ని కూడా ఒక పాట అడుగున పెట్టేశారు. డబ్బు తక్కువ కనుక తప్పు చేసే వీల్లేదు. అదీ సంగతి. ఈ ఆల్బమ్ అమెరికాలో ఐదు లక్షల ప్రతుల గోల్డ్ సర్టిఫికెట్ అందుకోవడానికి 2014 దాకా పట్టింది. అప్పటికి నలుగురిలో ముగ్గురు లేరు. మిగిలిన టామీ అదే ఏడాది జులైలో పోయాడు.

ఒక తీగ లాగాక ఆగుతామా. సెక్స్ పిస్టల్స్ ‘నెవర్ మైండ్ ద బోలక్స్’ తీశాను. 1977 నాటి ఇంగ్లండ్‌లో అరాచకానికి నిలువుటద్దం అని పేరు. బేస్ వాయించేవాడిగా లోకమంతా గుర్తుపట్టే సిడ్ విషస్ రికార్డింగ్ రోజుల్లో కామెర్లతో ఆసుపత్రిలో ఉన్నాడు. దాదాపు ఆల్బమంతా బేస్ వాయించింది గిటారిస్టు స్టీవ్ జోన్సే. తన గిటార్ మీద తన గిటార్‌నే పొరలు పొరలుగా వేసి ఆ గోడ కట్టింది కూడా అతనే. పనిచేయించినవాడు క్రిస్ థామస్. పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న బనీను మీద వీళ్లంటే నాకు అసహ్యం అని రాసుకుని తిరిగేవాడు కదా. ఆ పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మిక్సింగ్‌ను పర్యవేక్షించినవాడే ఈ క్రిస్ థామస్. బనీను ఒక దారి, రికార్డు ఒక దారి.

క్లాష్ బృందం ‘లండన్ కాలింగ్’ గురించి మా బావ మీద గౌరవంతో రెండు ముక్కలు. 1979లో ఆ ఆల్బమ్ చేసేటప్పుడు ప్రొడ్యూసర్ గై స్టీవెన్స్ స్టూడియోలో కుర్చీలు విసిరాడు, నిచ్చెనలు గిరగిరా తిప్పాడు. అభిమానులం ఆ కథలే చెప్పుకుంటాం. అంతకుముందు వాళ్లు పిమ్లికోలోని ఒక గ్యారేజీ వెనక గదిలో నెలల తరబడి సాధన చేశారన్నది ఎవరికీ పట్టదు. కుర్చీలు ఎగురుతున్నా లయ తప్పకుండా కొట్టిన టాపర్ హెడన్ జాజ్ వింటూ పెరిగిన డ్రమ్మర్. మూడు కార్డ్స్ వాటం కాదది.

కాబట్టి ఎవరైనా చేయవచ్చు అన్నది ఉత్త ప్రచారం, పనితనం లేకుండా ఏ రికార్డూ నిలబడదు అని తేల్చేసి కాలమ్ ముగించవచ్చు. శుక్రవారం దాకా అదే ఉద్దేశం. ఆ సాయంత్రం ‘స్పైరల్ స్క్రాచ్’ వినకపోయి ఉంటే అలాగే రాసేవాణ్ని.

మాంచెస్టర్ కుర్రాళ్లు బజ్‌కాక్స్ 1977 జనవరిలో వేసిన నాలుగు పాటల రికార్డు. కంపెనీ లేదు. తెలిసినవాళ్ల దగ్గరా ఇంట్లోవాళ్ల దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి, వెయ్యి ప్రతులు వేసుకున్నారు. వాయిద్యం మాటకొస్తే, అందులో ఒక గిటార్ సోలో ఉంది, మొత్తం రెండే స్వరాలు. అవే మార్చి మార్చి వాయిస్తాడు పీట్ షెల్లీ. విసుగు గురించిన పాటలో విసుగు పుట్టించే సోలో. అది చేతకానితనం కాదు, మహా కొంటెతనం. కానీ నన్ను ఆపింది సోలో కాదు, అట్ట. ఏ పాట ఎన్నో టేకులో కుదిరింది, తర్వాత గిటార్ మళ్లీ వాయించి కలిపారా లేదా, అన్నీ పాట పేరు పక్కనే అచ్చేశారు.

మరుసటి ఏడాది లండన్‌లో స్క్రిట్టీ పొలిట్టీ అనే బృందం ఇంకో అడుగు వేసింది. తమ మొదటి సింగిల్ అట్ట మీద స్టూడియోకెంత, రికార్డు అచ్చుకెంత, లేబుళ్లకెంత అన్న ఖర్చుల పద్దు రాసేశారు. తెలుగు పుస్తకం తెరవగానే రెండో పేజీలో ప్రతులెన్ని, ప్రెస్సు ఏది, డీటీపీ ఎవరు, ప్రతులకు ఎవరిని అడగాలి అని ఉంటుంది చూడండి, దాదాపు అలాంటిదే. చదివిన కుర్రాడు మర్నాడు డబ్బు పోగుచేసుకుని అదే అచ్చు ఫ్యాక్టరీకి వెళ్లవచ్చు. చాలామంది వెళ్లారు కూడా. ఎవరైనా చేయవచ్చు అని వాళ్లన్నది వాయించడం తేలికని కాదు. ఇదెంతయింది, ఎన్నిసార్లు వాయిస్తే వచ్చింది అన్నవి దాచిపెట్టం అని. పనితనాన్ని ఎవరూ పారేయలేదు. పారేసింది గుట్టును.

ఆ లెక్కన ‘బోలక్స్’ అట్ట తిరగేసి చూడండి. ప్రొడ్యూసర్ పేరు ఉండాల్సిన చోట క్రిస్ థామస్ లేదా బిల్ ప్రైస్ అని ఉంటుంది. ‘లేదా’ అట! ఏ పాట ఎవరు చేశారో మనమే తేల్చుకోవాలి. బేస్ ఎవరు వాయించారన్నది సరేసరి.

అందుకని నాకిష్టమైన పంక్ ఆల్బమ్‌ల జాబితాలో ఈ వారం చిన్న సర్దుబాటు. రమోన్స్ ఎప్పటిలాగే మొదట. ‘బోలక్స్’ ఒక మెట్టు దిగింది. గిటార్లు అన్ని పొరలు వేసినందుకు కాదు, ఆ పొరలంటే నాకిప్పటికీ ఇష్టమే. వేశామని చెప్పనందుకు. దాని చోటులోకి ‘స్పైరల్ స్క్రాచ్’ వచ్చింది. నాలుగు పాటల రికార్డును ఆల్బమ్‌ల జాబితాలో ఎలా పెట్టావని ఆదివారం బావ ఫోన్ చేసి తగువేసుకుంటాడు. వేసుకోనివ్వండి. రెండు ఎల్పీల ‘లండన్ కాలింగ్’ను ఒకటిగా లెక్కపెట్టేది తనే కదా.