తేనె వాళ్ల ఇంటిపేరు

డీడీటీని మొట్టమొదట తయారుచేసినవాడి ఇంటిపేరు, తేనెటీగల్ని సాకేవాళ్ల ఇంటిపేరు. 1874లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆ పొడిని తీసిన ఆస్ట్రియా విద్యార్థి ఓత్మార్ త్సైడ్లర్. అది పురుగుల్ని చంపుతుందని ఆయనకు తెలియదు. 1911లో పోయాడు.

మధ్యయుగాల జర్మనీలో త్సైడ్లర్ అంటే అడవిలో చెట్ల మీద తేనెటీగల్ని పెంచేవాడు. ముదురు పైన్ చెట్టుకి తాడేసుకుని మూడు నిలువుల ఎత్తు ఎక్కి, గొడ్డలితో మాను తొలిచి తొర్ర చేసేవాడు. దానికి పలక బిగించి, ఈగ దూరేంత సందు వదిలేవాడు. గాలివానకి విరక్కుండా చెట్టు కొన కొట్టేసేవాడు. తేనెతోపాటు మైనానికీ గిరాకీ, చర్చిల్లో వత్తులకి అదే కావాలి మరి. న్యూరెంబర్గ్ చుట్టూ ఉన్న అడవి వీళ్లకి పెట్టింది పేరు. 1350లో రాజు నాలుగో చార్లెస్ వీళ్ల హక్కుల్ని శాసనంగా రాసిచ్చాడు. పక్కనున్న ఫోయిష్ట్‌లో వీళ్ల తగాదాలు తీర్చడానికి ప్రత్యేకంగా ఓ న్యాయస్థానం ఉండేది.

ఊరంతా తేనె తీసేవాళ్లే అయితే ఒక్కణ్ణే పట్టుకుని 'తేనె ఆయన' అని ఎవరంటారు? ఆ పనికి వేరే చోటికి పోయినవాడికే పేరు అతుక్కుని ఉంటుందని నా అనుమానం. మనలోనూ కాకినాడ వదిలి వచ్చినవాళ్లే కదా కాకినాడ వారయ్యేది! తర్వాత పంచదార చవకైంది, అడవులు తరిగాయి, పని పోయింది. పేరు మాత్రం వియన్నాకీ, సముద్రం దాటి అమెరికాకీ వెళ్లింది.

1948లో మిల్వాకీ నగరానికి మేయరైన సోషలిస్టు ఫ్రాంక్‌ది ఇదే ఇంటిపేరు. పన్నెండేళ్లు పాలించాడు. సరిగ్గా ఆ ఏడాదే డీడీటీకి పురుగుల్ని చంపే గుణం ఉందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి నోబెల్ వచ్చింది. ముల్లర్ అంటే పిండిమర వాడు. కథకుడు రాస్తే నమ్మం.

మా చిన్నప్పుడు మలేరియా వాళ్లు వస్తున్నారంటే నాయనమ్మ ఉట్టి మీది కుండలన్నీ పెరట్లోకి చేర్చేది. ఒకడు బకెట్లో పంపు కొడుతుంటే ఇంకొకడు గొట్టంతో డీడీటీ చల్లి గోడలు తడిపేవాడు. ఆరాక తెల్లటి చారలు. గుమ్మం పక్కన సుద్దతో తేదీ వేసి పోయేవాళ్లు. ముక్కుపుటాలు మండే వాసన వారమైనా వదిలేది కాదు. మలేరియా తగ్గిన మాటా నిజమే, దాన్ని కాదనను.

ఫోయిష్ట్‌లో ఇప్పుడు త్సైడ్లర్ల మ్యూజియం ఉంది. చెట్టెక్కే మనుషుల్ని చూడాలంటే పోలండ్, బెలారస్‌లకు పోవాలి. ఆ దేశాల్లోని ఈ పనిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పోలండ్‌లో ఆ పనివాణ్ణి బార్ట్‌నిక్ అంటారు. అదీ ఓ ఇంటిపేరే.