ఐదు మెట్ల మోహనం

సరిగపద. ఇంతే కదా నువ్వు, మోహనమా! ఏడింటిలో మధ్యమాన్నీ నిషాదాన్నీ వదులుకుని, మిగిలిన ఐదింటితో లోకమంతా కాపురం పెట్టినదానివి.

కావలిలో పెళ్లిపందిట్లో సన్నాయివి నువ్వు. సరళీలూ జంటలూ దాటి వచ్చిన పిల్లలకు వరవీణా గీతానివి నువ్వు. తుమ్మలపెంట ఒడ్డున ఎవరి ఫోనులోనో 1957 నాటి మాయాబజార్ వెన్నెల నౌక కదిలితే, అదీ నువ్వే. రాగమంటే ఏమిటో ఎరగని నోరు కూడా నిన్ను తేలిగ్గా అందుకుంటుంది.

నీ మహిమకు లెక్క ఉంది. తీగను మూడు పాళ్లు చేసి రెండు పాళ్లే పలికిస్తే షడ్జానికి పంచమం. స్థాయి సర్దుకుంటూ అదే కొలతతో సాగితే పంచమం నుంచి రిషభం, రిషభం నుంచి ధైవతం, ధైవతం నుంచి గాంధారం. నాలుగడుగులు, ఐదు స్వరాలు. ఇంకొక్క అడుగు వేస్తే కాకలి నిషాదం వచ్చి పైషడ్జాన్ని ఒరుసుకునేది. శుద్ధమధ్యమాన్ని పిలిస్తే గాంధారాన్ని ఒరుసుకునేది. నువ్వు అక్కడే ఆగావు. అందుకే నీ ఇంట్లో పేచీ లేదు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టినా పొసగుతుంది.

హిందుస్తానీలో నిన్ను భూప్ అన్నారు. చైనాలో నీ ఐదింటికీ కుంగ్, షాంగ్, చ్యావ్, చీ, యూ అని పేర్లు పెట్టారు. కొత్త సంవత్సరం అర్ధరాత్రి చేతులు కలుపుకుని స్కాట్లాండు జనం పాడే ఆల్డ్ లాంగ్ సైన్‌లో నువ్వే. ఇథియోపియాలో తిజితావై పాత జ్ఞాపకాల బెంగ పలుకుతావు. జావా గామెలాన్‌లో స్లెండ్రోవై, ఐదుగానే ఉంటూ స్వరాల మధ్య దూరాలు మార్చుకుంటావు. స్కాట్లాండులో నిటారుగా నిలిచే గాంధారం త్యాగయ్య 'నను పాలింప'లో కాస్త ఊగుతుంది. స్వరం అందరిదీ, గమకం ఎవరి ఊరిది వాళ్లది.

పద్యనాటకాల హార్మోనియం ముందు పసివాణ్ణి కూర్చోబెట్టి, నల్లమెట్లే నొక్కమంటే చాలు, పలికేది నువ్వే. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిది షడ్జమైతే మోహనం, రెండోదైతే మధ్యమావతి, మూడోదైతే హిందోళం. పక్కనున్న జంటలో మొదటిది శుద్ధసావేరి, రెండోది శుద్ధధన్యాసి. మెట్లు మారలేదు, నిలబడ్డ చోటు మారింది. ఐదు రాగాలకు నీ ఐదు స్వరాలే చాలాయి. కచేరీకి మంగళం పలికే మధ్యమావతి కూడా నీ ఇంటి పిల్లే.

రెండు వదులుకుని ఇంత సంపాదించిన తల్లీ, నీకు దండం. పాండిత్యం అడగవు, భాష అడగవు, కులం అసలే అడగవు. ఈ ఊరి పిల్లల గొంతుల్లో ముందుగా చేరు. రేపు వాళ్లు చదువుకో కొలువుకో ఏ దేశం వెళ్లినా, అక్కడి పాటతో వాళ్లకు చుట్టరికం కలిపే పూచీ నీదే.