రాయలవారి పొయ్యి, మా అమ్మ పెంక

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో వస్తుంటే రోడ్డు పక్కన ఒక హోటలు బోర్డు కనబడుతుంది. ‘నిజాం నవాబు మెచ్చిన బిర్యానీ’ అని ఉంటుంది దాని మీద. ఒకసారి దిగి వెళ్లి, నిజాములు ఏడుగురు కదా, మెచ్చింది ఎవరని అడిగాను. గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషి నవ్వి, ‘‘ముందుగాల తిని చూడుండ్రి సార్’’ అన్నాడు. తిన్నాను. నవాబు సాక్ష్యం అక్కర్లేనంత బాగుంది.

పేరు గలవాళ్ల ఇష్టాల మీద ఇలాంటి కథలకు కొదవ లేదు. నేను మాత్రం ఒక జల్లెడ పెట్టుకున్నాను. ఆ మనిషి తనే చెప్పుకున్నదో, రాసుకున్నదో అయితేనే నమ్ముతాను. అలా జల్లిస్తే మిగిలేది కొంచెమే. ఆ కొంచెంలో విందులు తక్కువ, ఇంటి తిండి ఎక్కువ.

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలాడు. ఆయన ‘ఆముక్తమాల్యద’లో శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో చెప్పాడు. ముసురు పట్టిన రోజుల్లో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు రకాల కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలంలో చారు, మజ్జిగపులుసు, చెరకురసం, కొబ్బరినీళ్లు. చలికాలంలో పొగలు కక్కే కూరలు, వాటిలో మిరియాల పొడి. ఆ వంటల్లో ఎండుమిరపకాయ వెతికినా దొరకదు. కారం మిరియాలది.

నన్ను పట్టుకున్నది వంటకాల జాబితా కాదు, పొయ్యి. వానాకాలంలో ఇల్లాలి కళ్లలోకి పొగ పోకుండా పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టించాడు రాయలు. ఏనుగుల దండును నడిపిన మనిషికి తడికట్టె పొగ సంగతి ఎవరు చెప్పారు? ఎప్పుడో ఒకప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి చూసే ఉంటాడనిపిస్తుంది.

అదే కాలపు మనిషి బాబరు. 1526లో పానిపట్టు గెలిచి ఢిల్లీ, ఆగ్రా చేజిక్కించుకున్నాడు. ఇక్కడ మంచి ద్రాక్ష లేదు, ఖర్బూజా లేదు, మంచుగడ్డ లేదు అని తన ‘బాబర్‌నామా’లో వరసపెట్టి విసుక్కున్నాడు. కాబూలు వైపు ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఒక సంగతి చెప్పాడు. ఎవరో ఖర్బూజా తెచ్చి ఇస్తే, కోసి తింటూ ఏడ్చాడట. రాజ్యం దొరికింది, ఊరు దూరమైంది.

ఆ ఉత్తరం సంగతి చదివినప్పుడు మా చిన్నాయన కొడుకు గుర్తొచ్చాడు. మా వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు లేదు. వాడు దుబాయిలో పన్నెండేళ్లుగా ఉన్నాడు. శుక్రవారం ఫోన్ చేస్తే పలకరింపు అయీకాకముందే, ‘‘పెద్దమ్మ రొట్టెలు చేసిందా అన్నా?’’ అంటాడు. చేసిందంటే, ‘‘దేంతోటి తిన్నరు?’’ అని అడుగుతాడు. పుంటికూర అని చెప్పగానే అటువైపు కాసేపు మాట ఉండదు.

రొట్టె అంటే మాకు జొన్నరొట్టే. ముతక ధాన్యాల మీద పెద్దవాళ్లు రెండు పార్టీలు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో వెలిగిన శ్రీనాథుడు పల్నాడు పోయి జొన్నకూడు మింగలేక సణుక్కున్నాడని ఆయన పేరు మీద తిరిగే చాటువులు చెబుతాయి. మొగలు బాదుషా జహంగీరు మాత్రం గుజరాత్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు తినే సజ్జ కిచిడీ రుచి చూసి, మాంసం ముట్టని రోజుల్లో తనకు అదే వండిపెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఈ మాట తన స్వీయచరిత్రలో తనే రాసుకున్నాడు.

నేను జహంగీరు పార్టీ అని చెప్పుకుని, పోయిన నెల అమ్మ పక్కన పీట వేసుకున్నాను, రొట్టె చేయడం నేర్చుకుందామని. జొన్నపిండికి గోధుమపిండిలా జిగట ఉండదు. అందుకే మసిలే నీళ్లు పోసి, వేడి తగ్గకముందే అరచేత్తో గట్టిగా పిసకాలి. ముద్ద చేసి, పొడిపిండి చల్లుకుని, ఒక చెయ్యి కొడుతుంటే రొట్టె తనంతట తాను తిరగాలి. నాది తిరగలేదు, అంచులు పగిలాయి. అమ్మ దాన్ని మళ్లీ ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. పెంక మీద వేశాక పైన తడిబట్టతో నీళ్లు అద్దాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ‘‘జర ఆలస్యమైతె పగులుతది బిడ్డా’’ అంది. నాలుగోది కాస్త పొంగింది. పగిలినవి తన పళ్లెంలోకి వేసుకుంది, ఎప్పటిలాగే.

అప్పుడు తట్టింది నాకు. రాయలవారి పొయ్యి సంగతీ బాబరు కన్నీళ్ల సంగతీ తెలుసు గానీ, అమ్మకు ఏమిష్టమో ఏనాడూ అడగలేదు. యాభై ఏళ్లుగా రొట్టెలు చేస్తోంది గనక రొట్టే అనుకున్నాను. నా జల్లెడ ఇంట్లో ఎందుకు పట్టలేదో మరి.

అడిగాను. ‘‘వరన్నం, పచ్చిపులుసు’’ అంది, తడుముకోకుండా.

అమ్మ పుట్టింది మెట్ట ఊరు. 1922లో పూర్తయిన పోచారం చెరువు కింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలు పచ్చబడ్డాయి గానీ, దాని కాలువ వాళ్ల ఊరి దాకా రాలేదు. వాళ్లింట్లో వరన్నం పండగనాడే. మిగతా దినాలన్నీ జొన్న గటుక, రొట్టె. ఇప్పుడు ఇంట్లో బియ్యం బస్తా ఉన్నా, షుగరని డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. ఇష్టమైంది దొరకని రోజుల్లోనూ రొట్టే తింది, దొరికే రోజుల్లోనూ రొట్టే తింటోంది.

ఆ ఆదివారం అన్నం నేనే వండాను, డాక్టరు చెప్పినంతే. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎక్కువైందని అమ్మ అంది. మీ ఇంట్లో రోజూ వండిపెట్టే మనిషికి ఏం ఇష్టమో మీకు తెలుసా? తెలుసనుకుంటే, ఒకసారి ఆ మనిషినే అడిగి చూడండి.