ఎవరి తాలూకా?

ఈ వారం అటక దులుపుతుంటే, ఒకప్పుడు మా బావ పంపిన పాత కాగితాల కట్ట దొరికింది. 1990లలో అమెరికాలో చదువుకుంటూ, సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే యూజ్‌నెట్ చర్చా గుంపులో వచ్చినవి ప్రింటు తీసి మా ఊరు నక్కపల్లికి పోస్టు చేసేవాడు. లిపి ఇంగ్లీషు, భాష మనది. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అది: చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ.

నేను చదివి వినిపిస్తే అమ్మ వినేది. ఒకరోజు ఎవరో షిఫ్ట్ నొక్కడం మరిచారు. ‘రాత్రంతా మేలుకుని కల్లు ఎర్రబడ్డాయి’ అని చదివాను. ‘కల్లు ఎర్రబడ్డమేంట్రా? వాడికి చెప్పు’ అంది. చెప్పే దారి అప్పుడు నాకేదీ?

ఇప్పుడు చెబుదామని కూర్చున్నాను. గూగుల్ గ్రూప్స్‌లో పాతవి చదవొచ్చుగానీ, 2024 ఫిబ్రవరి 22 నుంచి అక్కడ యూజ్‌నెట్‌కి రాయడం కుదరదు. వేరే సర్వర్ వెతకాలి. ఇక్కడ రాసింది పక్క సర్వర్‌కి, అక్కణ్నుంచి ఇంకోదానికి పాకుతుంది కాబట్టి ఎక్కడ చేరినా ఊరంతటికీ వినిపిస్తుంది. చూసుకోవాల్సినవి మూడే: మన గుంపు అందులో ఉందా, పాత రాతలు ఎన్నాళ్లు ఉంచుతారు, రాయనిస్తారా లేక చదవడం వరకేనా. సర్వర్లకి మోతబరువంతా సినిమాలదీ బొమ్మలదే. ఉత్త అక్షరాలు తేలిక, అందుకే వాటిని ఉచితంగా మోసేవాళ్లు ఇంకా ఉన్నారు.

నా పాత పాట ఒకటుంది: పేరూ పాస్‌వర్డూ అడిగే గుమ్మం తొక్కను. అలా ఏమీ అడగని ఎయోయి అనే సర్వర్ ఒకటుండేది. నాకోసమే పెట్టినట్టుండేది, మూతపడింది. మిగిలినవాటిలో పేరున్నది ఎటర్నల్ సెప్టెంబర్. ఉచితమే, అక్షరాలకే, కానీ నమోదు చేసుకోమంటుంది.

గొణుక్కుంటూ గూగుల్‌లో పాత గుంపు అడుగుదాకా వెళ్లాను. కబుర్లు సన్నగిల్లిన చోట ప్రకటనలు కుప్పపడ్డాయి. అడిగేవాడు లేని అరుగు మీద ఊరకుక్కలే పడుకుంటాయి. మా అరుగెక్కిన ఎవర్నైనా అమ్మ ముందు ‘ఎవరి తాలూకా?’ అనేది. ఎవరూ నొచ్చుకోలేదు. చెప్పి కూర్చునేవారు, మజ్జిగ తాగేవారు.

ఫారం నింపాను. ముప్పై ఏళ్లు ఆలస్యంగా ఒక వాక్యం పెట్టాను: ‘బాబూ, కళ్ళుకి ఎల్ పెద్దది కొట్టాలి. మా అమ్మ చెప్పమంది.’