కంచుకు వేరే పెట్టె

వేసవి ముదిరి బోర్లు అడుగంటే రోజుల్లో ఆటోనగర్ లేత్ షాపుల ముందు సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడుంటాయి. అరిగిన బుష్ తీసి కొత్తది తిప్పి వెయ్యాలి. రైతు పక్కనే నిలబడి ఉంటాడు. చేనుకు తడి ఆగిపోయింది, ఆయన తొందర ఆయనది. ఆ తొందరలో చాలా షాపుల్లో జరిగేది ఒకటే. పొద్దుటి నుంచి ఇనుప షాఫ్టులు తిప్పిన టిప్పే టూల్‌పోస్టులో ఉంటుంది, దాంతోనే కంచు ముక్కనూ తిప్పేస్తారు. బుష్ తయారవుతుంది, మెరుస్తుంది కూడా. కానీ లోపలి బోరు ఒక చివర ఒక కొలత, ఇంకో చివర ఇంకో కొలత చూపిస్తుంది. ఎమెరీ పేపరు పెట్టి రుద్ది సరిచేస్తారు. ఆ ఎమెరీ రేణువులు మెత్తటి కంచులో దిగబడిపోయి, తర్వాత షాఫ్టును తింటాయి. మళ్లీ వేసవికి అదే మోటారు మళ్లీ వస్తుంది.

తప్పు లేత్‌ది కాదు, టర్నర్ చేతిది కూడా కాదు. అంచుది.

ఉక్కు కోసం చేసిన ఇన్సర్ట్ అంచును కావాలనే కాస్త గుండ్రం చేస్తారు. ఉక్కు కోతలో పుట్టే ఒత్తిడికి పల్చటి అంచు చిట్లిపోతుంది కాబట్టి ఆ గుండ్రమే దానికి రక్ష. పైన పూత వేస్తే అంచు ఇంకాస్త మొద్దవుతుంది. ఉక్కుకు మేలు చేసేది కంచు దగ్గర ఎదురు తిరుగుతుంది. వంగకుండా నిలబడే బిగువు కంచుకు ఉక్కులో సుమారు సగమే. అంచు కోయకుండా నొక్కితే లోహం కొంచెం వెనక్కి వంగి, టూల్ దాటగానే మళ్లీ ముందుకు వచ్చేస్తుంది. మొండి కత్తిపీట మీద పండు టమాటా నలిగినట్టే ఇదీ. పల్చటి బుష్ అయితే మరీ కష్టం. అందుకే కంచు పనికి టూళ్లు విడిగా ఒక పెట్టెలో ఉండాలనీ, అవి ఉక్కును ముట్టకూడదనీ నేను పట్టుబడతాను. పెట్టె అంటే ఖరీదైనదేమీ కాదు, సొంతంగా సాన పట్టుకున్న రెండు మూడు హెచ్ఎస్ఎస్ బిట్లు, పూత లేని కార్బైడ్ ఒకటి, ఒక ఆయిల్ స్టోన్.

అయితే ఆ పెట్టెలోంచి ఏది తీయాలన్నది ముక్కను బట్టి ఉంటుంది. తెచ్చినవాళ్లు "గన్‌మెటల్ అన్నా" అంటారు, స్క్రాపు కొట్టువాడు "మంచి కంచు, కళ్లు మూసుకుని తీసుకో" అంటాడు. లోపల ఏముందో వాళ్లకూ తెలియదు. మన భారతీయ ప్రమాణాల్లోనే సీసం కలిసిన తగరపు కంచుకు ఐఎస్ 318, ఫాస్ఫర్ బ్రాంజ్‌కు ఐఎస్ 28, అల్యూమినియం బ్రాంజ్‌కు ఐఎస్ 305 అని వేర్వేరుగా ఉన్నాయి. కోతలో వీటి స్వభావాలు ఒకదానికొకటి పొంతన లేనివి.

సులువుగా తెగే ఇత్తడిని 100గా పెట్టుకుని మిగతా రాగి మిశ్రమాలకు అంకెలిచే పట్టిక ఒకటి ఉంది. రాగి 85, తగరం 5, సీసం 5, జింకు 5 పాళ్లున్న గన్‌మెటల్‌కు అందులో 84. బేరింగులకు వాడే ఎస్ఏఈ 660కి 70. సీసం లేని గన్‌మెటల్, అంటే 88-10-2 రకానికి 30. ఫాస్ఫర్ బ్రాంజ్ కడ్డీకి 20. బాగా బలమైన మాంగనీస్ బ్రాంజ్‌కు 8 మాత్రమే. పట్టిక పనికొచ్చేదే, కానీ దాన్ని చూసి టూల్ ఎంచుకోకూడదు. సాధారణ అల్యూమినియం బ్రాంజ్ పోతకు అందులో 60 ఇచ్చారు. 88-10-2 తగరపు కంచుకు ఇచ్చినదానికి రెట్టింపు. లేత్ ముందు నిలబడి చూస్తే టూల్‌ను త్వరగా అరగదీసేది అల్యూమినియం బ్రాంజే. ఆ అంకె ఎంత తేలిగ్గా తెగుతుందో చెబుతుంది తప్ప ఎలాంటి అంచు కావాలో చెప్పదు.

అంచు సంగతి చెప్పేది చిప్స్. తెలియని ముక్క వస్తే ముందు పాత హెచ్ఎస్ఎస్ బిట్ ఒకటి పెట్టి, చిన్న కోత ఒకటి వేసి, ట్రేలో ఏం రాలిందో చూడాలి. పొడిపొడిగా, చిన్న పలుకుల్లా రాలితే అందులో సీసం ఉంది. సీసం రాగిలో కరగదు, లోహం నిండా చిన్న చిన్న చుక్కలుగా విడిగా ఉండిపోతుంది. చిప్ అక్కడక్కడే విరిగిపోతుంది. ఇలాంటి దానికి టూల్ పైతలం చదునుగా, రేక్ సున్నాగా ఉండాలి. ఉక్కుకు పెట్టినట్టు వెనక్కి వాలుగా సాన పడితే కంచే టూల్‌ను లోపలికి లాక్కుంటుంది. క్రాస్ స్లైడ్ స్క్రూలో లూజు ఉన్న పాత లేత్ అయితే ఒక్క క్షణంలో బుష్ పాడైపోతుంది. డ్రిల్‌తో ఇది ఇంకా ప్రమాదం. రంధ్రం అవతలికి తేలే సమయంలో డ్రిల్ స్క్రూలా దూసుకుపోయి ముక్కను చేతిలోంచి గుంజేస్తుంది. డ్రిల్ పెదవుల మీద ఆయిల్ స్టోన్‌తో సన్నటి చదును చేస్తే చాలు, ఆ లాగుడు పోతుంది. నిమిషం పని. చాలామంది చెయ్యరు, అదే నా బాధ.

చిప్ తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ వస్తే అది ఫాస్ఫర్ బ్రాంజో, సీసం లేని తగరపు కంచో అయ్యుంటుంది. వర్మ్ వీల్ పోతలు ఎక్కువగా ఈ జాతివే. ఇక్కడ చదును టూల్ పనికిరాదు, లోహం జిగటగా అంటుకుంటుంది. రేక్ 5 నుంచి 10 డిగ్రీలు వాలు ఉండాలి, కింద క్లియరెన్స్ ధారాళంగా ఉండాలి, పైతలాన్ని ఆయిల్ స్టోన్‌తో నున్నగా చేయాలి. ఆగి ఆగి రుద్దితే పైపొర గట్టిపడుతుంది, తర్వాతి కోత మరీ మొండికేస్తుంది. ఫీడ్ ఇస్తే ధైర్యంగా ఇవ్వాలి.

బంగారు ఛాయలో, ఉక్కులా గట్టిగా వచ్చేది అల్యూమినియం బ్రాంజ్. నికెల్ కలిసిన రకం ఓడల ప్రొపెల్లర్లకు వాడతారు. మెత్తటి ఉక్కు కంటే బలమైనది. పోత మీద ఇసుకా ఆక్సైడూ కలిసిన పొర ఉంటుంది. మొదటి కోతే ఆ పొర కిందికి దిగాలి. పైపైన గీరితే ఎంతటి టూలైనా నిలవదు. హెచ్ఎస్ఎస్‌తో సతాయించుకోవడం ఇక్కడ వృథా అని నా అభిప్రాయం. కె10, కె20 తరహా పూత లేని కార్బైడ్, పొట్టిగా బిగించిన హోల్డర్, కదలని లేత్ కావాలి.

ఇన్సర్ట్ కొనేటప్పుడు డబ్బా మీది రంగు చూడాలి. నీలం ఉక్కుకు, పసుపు స్టెయిన్‌లెస్‌కు, ఎరుపు కాస్ట్ ఐరన్‌కు, ఆకుపచ్చ ఇనుము కాని లోహాలకు. కంచుకు ఆకుపచ్చే అంటారు, నిజమే. అయితే మార్కెట్‌లో దొరికే ఆకుపచ్చవి ఎక్కువ అల్యూమినియం కోసం చేసినవి, రేక్ చాలా ఎక్కువ. సీసం ఉన్న గన్‌మెటల్ మీద, అందులోనూ పాత లేత్‌లో, అవి లాగేస్తాయి. అక్కడ కాస్ట్ ఐరన్ కోసం వచ్చే పూత లేని చదును టిప్పే నయం. దుకాణంలో ఎంత ఖరీదైనది అమ్మజూపినా ఈ ఒక్క సంగతి మరవొద్దు.

టూల్ సరైనదైనా కొలత మోసం చేస్తుంది, దానికి కారణం వేడి. కంచు ఉక్కు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. 80 మిల్లీమీటర్ల బోరు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 43 మైక్రాన్లు పెరుగుతుంది. ఆ సైజుకు హెచ్7 ఫిట్‌లో మనకున్న వెసులుబాటు మొత్తం 30 మైక్రాన్లే. వేడి మీద కొలిచి సరిపోయిందనుకున్న బుష్ చల్లారాక బిగుసుకునేది ఇందుకే. పదునైన టూల్‌తో వేడి తక్కువ పుడుతుంది, ఆఖరి కోతకు ముందు ముక్కను చల్లారనివ్వాలి. కూలెంట్ వాడితే గంధకం ఉన్న కటింగ్ ఆయిల్ మాత్రం వద్దు, కంచు నల్లబడుతుంది.

పని తేలిక చేసిన ఆ సీసమే గాలిలోకీ వస్తుంది. బేరింగ్ కంచుల్లో అది 7 శాతం మొదలు, కొన్నింటిలో 20 దాకా ఉంటుంది. పదునైన అంచు పలుకులు రాలుస్తుంది, మొద్దు అంచూ ఎమెరీ పేపరూ పీల్చదగ్గ దుమ్ము లేపుతాయి. లేత్ మీది రజనును ఎయిర్ గన్‌తో ఊదకుండా బ్రష్‌తో తీయాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ఈ పలుకులు సూదుల్లా ఎగురుతాయి. అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి. చేరిన కుర్రాళ్లకు ఇది మొదటి రోజే చెప్పాలి. ఆ పనిబట్టలను ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దని కూడా.